పొగలోని విషానికి సున్నమే మందు - వాడరేం?

గోడలకు సున్నం కొట్టే కూలీలకు ఒక సంగతి తెలుసు. కొట్టిన నాడు గోడ తడితడిగా, మసకగా కనిపిస్తుంది. కొన్నాళ్ళకు తెల్లబడి గట్టిపడుతుంది. నీళ్ళు ఆరినందువల్ల మాత్రమే ఇలా జరగదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు గోడ తడిలో కరిగి, సున్నంతో కలిసి, మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. సున్నపు తేటను గిన్నెలో ఉంచితే పైన తెల్లటి పొర కడుతుంది కదా, అదీ ఇదే.

ఇందులో ఉన్న సూత్రం చిన్నది. బొగ్గు, గంధకం వంటివి మండితే వచ్చే వాయువులు నీటిలో కరిగి ఆమ్లాలవుతాయి. అందుకే వీటిని ఆమ్ల ఆక్సైడ్లు అంటారు. సున్నం క్షారం. నీటిలో ఈ రెండూ కలిస్తే ఒకదాని కాటును ఇంకొకటి విరిచేస్తుంది. చివరికి మిగిలేది లవణం, నీళ్ళు.

ఈ పాఠం కంచిలి, సోంపేట, కవిటి మండలాల శ్రమజీవులకు ఎందుకు? బొగ్గు పొగ సంగతి ఈ ప్రాంతం నెత్తురు చిందించి నేర్చుకున్నది గనుక. ఇక్కడి బీలలో 2640 మెగావాట్ల థర్మల్ కేంద్రం పెట్టబూనారు. బీల అంటే పాలకుల లెక్కలో పనికిరాని నేల. మనకు మాత్రం అది వరికి నీరు, పశువులకు మేత, బెస్తలకు చేపలు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది. కేంద్రం రాలేదు. 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో మరో థర్మల్ కేంద్రాన్ని వ్యతిరేకించిన ప్రజలపైనా తూటాలు పేలాయి.

ఇంతకీ ఆ పొగలో ఏముంటుంది? బొగ్గులో కొంత గంధకం ఉంటుంది. అది మండితే సల్ఫర్ డయాక్సైడు వాయువు వస్తుంది. కిలో గంధకం రెండు కిలోల వాయువవుతుంది. నూటికి అరపాలు గంధకమున్న బొగ్గును వెయ్యి టన్నులు కాలిస్తే, 5 టన్నుల గంధకం కాలి 10 టన్నుల వాయువు పుడుతుంది. పెద్ద కేంద్రం రోజుకు తగలబెట్టేది వెయ్యి టన్నులు కాదు, వేలాది టన్నులు. ఈ వాయువు ఊపిరితిత్తులను ఒరిపెడుతుంది, ఆకులను మాడుస్తుంది, వానలో కలిస్తే ఆమ్లపు వాన అవుతుంది.

దీనికి విరుగుడు మన గోడ మీదే ఉంది. సున్నపురాయిని మెత్తగా పొడిచేసి నీళ్ళలో కలిపి, పొగ పైకి పోయే దారిలో చల్లుతారు. వాయువు నీటిలో కరిగి ఆమ్లమవుతుంది, సున్నపురాయి దాన్ని పట్టేస్తుంది. తర్వాత గాలి ఊదితే జిప్సం తయారవుతుంది. 10 టన్నుల వాయువుకు సుమారు 16 టన్నుల సున్నపురాయి కావాలి, 27 టన్నుల దాకా జిప్సం వస్తుంది. సిమెంటుకు పనికొచ్చేది ఈ జిప్సమే. వేరుశనగ చేనుకు ఎకరానికి 200 కిలోలు వెయ్యమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేదీ జిప్సమే. పొగనుంచి తీసినదాన్ని మాత్రం పరీక్ష చేశాకే పొలంలో వెయ్యాలి. ఇదేమీ కొత్త విద్య కాదు. లండనులోని బాటర్సీ విద్యుత్ కేంద్రంలో 1930లలోనే పొగను కడిగారు. కడిగిన నీళ్ళను థేమ్స్ నదిలోకి వదిలి నదిని పాడుచేశారన్నది కూడా మరువరాదు.

మరి మన దేశంలో? 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఈ వాయువుకు హద్దులు పెట్టింది. రెండేళ్ళ గడువిచ్చింది. ఆపై గడువు మీద గడువు. చివరకు 2025 జూలైలో దేశంలోని బొగ్గు కేంద్రాల్లో నూటికి 78 వంతుల దాకా ఈ యంత్రం అక్కరలేదని తేల్చేసింది. ఢిల్లీ రాజధాని ప్రాంతానికి, 10 లక్షలకు మించి జనాభా ఉన్న నగరాలకు 10 కిలోమీటర్ల లోపు ఉన్నవి మాత్రం 2027 ఆఖరుకు పెట్టి తీరాలి. కాలుష్యం ముదిరిన చోట్ల ఉన్నవాటి సంగతి ఒక్కొక్కటిగా తేలుస్తారట. మిగతావాటికి ఎత్తయిన చిమ్నీ చాలునట!

అంటే నగరవాసి ఊపిరికి ఒక ధర, పల్లె కూలీ ఊపిరికి ఇంకొక ధర అన్నమాట. మన బొగ్గులో గంధకం తక్కువని, యంత్రం ఖర్చు కరెంటు బిల్లుల మీద పడుతుందని, సున్నపురాయి తవ్వితే, వాడితే బొగ్గుపులుసు వాయువు పెరుగుతుందని పాలకులు చెబుతున్నారు. గంధకం తక్కువే, కాని కాల్చే బొగ్గు తక్కువా? చిమ్నీ ఎత్తు పెంచితే విషం విరగదు, దూరంగా పోయి పడుతుంది. పోయే దారిలో సన్నని నుసిగా మారి, వందల మైళ్ళ అవతల ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఖర్చు ఎవరు భరించాలన్నది వేరే తగువు. ఆ తగువు సాకుతో జనం రొమ్ముల మీద భారం మోపడం న్యాయం కాదు.

సున్నం అన్ని రోగాలకూ మందు కాదు. అది బూడిదను ఆపదు, లాక్కున్న భూమిని తిరిగివ్వదు, బీలలో నీటిని నిలపదు. కనుక బీల పోరాటం సరైనదే. అయితే ఏ ఊళ్ళోనైనా బొగ్గు కేంద్రం మాట వస్తే ప్రజాభిప్రాయ సేకరణలో అడగవలసిన ప్రశ్నలు ఇవి: రోజుకు ఎంత బొగ్గు కాలుస్తారు? అందులో గంధకమెంత? పొగను సున్నంతో కడుగుతారా లేదా? కడిగిన నీళ్ళు ఎక్కడికి వదులుతారు? జవాబులను కాగితం మీద రాయించి తీసుకోవాలి. చిమ్నీ ఎత్తు చెప్పి తప్పించుకుంటే ఒప్పుకోరాదు.