తీపికి ఉప్పు తోడు: కణత్వచంలోని చక్కెర వాహకాలు

చక్కెర నీటిలో కరుగుతుంది, నూనెలో కరగదు. వంటింట్లో నిత్యం కనిపించే ఈ చిన్న సంగతి నుండే మన విషయం మొదలవుతున్నది. దేహంలోని ప్రతి జీవకణాన్నీ కణత్వచం అనే పలుచని పొర ఆవరించి ఉన్నది. రెండు వరుసల కొవ్వు అణువులే దాని మూలద్రవ్యం. తిన్న అన్నం జీర్ణమై గ్లూకోజు అనే చక్కెరగా మారినా, ఆ గ్లూకోజు ఈ కొవ్వుపొరను తనంతట తాను దాటజాలదు. దానికొక ద్వారం కావాలి. త్వచంలో పొదిగి ఉన్న వాహక ప్రోటీన్లే ఆ ద్వారాలు.

ద్వారమన్నాము గాని, అది బార్లా తెరిచిన గుమ్మం కాదు. ఎర్ర రక్తకణాల త్వచంలో సమృద్ధిగా ఉండే గ్లట్-1 అనే ప్రోటీనును చూడండి. 492 అమైనో ఆమ్లాల గొలుసు త్వచాన్ని కుట్టుదారం వలె 12 మార్లు దాటుతుంది. దాటిన ప్రతిచోటా సర్పిలంగా చుట్టుకొని ఉంటుంది. ఈ సర్పిలాలు ఆరేసి చొప్పున రెండు కట్టలుగా ఏర్పడగా, వాటి నడుమ ఒక గ్లూకోజు అణువు కూర్చునేంత చోటు మిగులుతున్నది. కట్టలు వెలుపలి వైపుకు విచ్చుకొని ఉన్నప్పుడు లోపలి వైపు మూసి ఉంటుంది. గ్లూకోజు వచ్చి చేరగానే వెలుపలి వైపు మూసుకొని, లోపలి వైపు తెరుచుకుంటుంది. రెండు వైపులూ ఏకకాలంలో తెరుచుకోవడం మాత్రం జరగదు. ఈ ప్రోటీనులోని అమైనో ఆమ్లాల వరుస 1985లో తెలిసింది. మానవ గ్లట్-1 ఆకృతిని స్ఫటికరూపంలో చూపింది 2014లో బీజింగులో పనిచేసిన నీంగ్ యాన్ బృందం. నడుమ 29 సంవత్సరాలు గడిచినవి. త్వచం నుండి ప్రోటీనును చెడకుండా వెలికితీయడం అంత కష్టమన్నమాట.

గ్లట్ ప్రోటీన్లు చక్కెరను ఎక్కువ ఉన్నచోటి నుండి తక్కువ ఉన్నచోటికి మాత్రమే చేరుస్తాయి. కండరాలలోని గ్లట్-4 కణం లోపలే దాగి ఉండి, ఇన్సులిన్ పిలుపు అందగానే త్వచంపైకి వస్తుంది. ఆ పిలుపు సరిగా అందకపోతే చక్కెర రక్తంలోనే నిలిచిపోతుంది. మధుమేహపు కథలో అదొక ముఖ్యాధ్యాయం. దానికి వేరే వ్యాసం కావాలి.

చిన్న ప్రేగులో సమస్య వేరు. అక్కడ చక్కెర బయట తక్కువగా, కణంలో ఎక్కువగా ఉన్నప్పుడు సైతం మిగిలిన కొంచెాన్నీ లోనికి లాగవలసి ఉంటుంది. అంటే ఎదురు రవాణా. ఇది ఎలా సాధ్యమో 1960లో ప్రాగ్ నగరంలోని సదస్సులో రాబర్ట్ క్రేన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు వివరించాడు. ఉప్పులోని సోడియం తోడుగా రానిదే ప్రేగులోని ద్వారం చక్కెరను లోనికి తీసుకోదు. ఎస్.జి.ఎల్.టి.-1 అని నేడు పిలిచే ఈ వాహకంలో ఒక గ్లూకోజు అణువు వెంట రెండు సోడియం అయానులు ప్రవేశిస్తాయి. ఉప్పు తిన్న విశ్వాసమని తెలుగులోను, నమక్‌హలాలీ అని ఉర్దూలోను మనం చెప్పుకునేది ఈ ప్రోటీనుకు బాగా తెలిసినట్లున్నది!

ఇందుకు కావలసిన శక్తి ఎక్కడిది? మన కోదాడ పొలాలకు ఎడమ కాలువ ద్వారా నీరిచ్చే నాగార్జునసాగర్‌ను తలచుకోండి. ఎత్తున నిలిచిన నీరు కిందికి దిగుతూ యంత్రాలను తిప్పుతున్నది. అదే విధంగా కణం వెలుపల అధికంగా నిలిచిన సోడియం లోనికి దిగుతూ చక్కెరను వెంట తీసుకుపోతున్నది. లోనికి వచ్చిన సోడియాన్ని మళ్లీ వెలుపలికి తోడే పంపు మరొకటి కలదు. అది ఏ.టి.పి. అనే పదార్థం నుండి శక్తిని పొందుతుంది. ఈ ఏ.టి.పి.ని 1929లో జర్మనీలో లోమాన్, అమెరికాలో ఫిస్కేతో కలిసి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు వేరువేరుగా కనుగొన్నారు. ప్రేగులు ఆహారాన్ని గ్రహించలేని స్ప్రూ వ్యాధి సుబ్బారావుగారినీ పీడించినదే.

ఈ జ్ఞానం ప్రయోగశాలలో ఆగిపోలేదు. కలరాలో ప్రేగుల నుండి నీరు, లవణాలు ధారలుగా పోతాయి. కాని చక్కెర, సోడియాల జంట ద్వారం చెడదు. ఆ రెండింటినీ కలిపి తాగిస్తే, వాటి వెంట నీరు కూడా దేహంలోకి మరలుతుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన బన్‌గావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోవస్తున్నప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన నీటిని రోగులచేత తాగించారు. నూటికి ముప్పై వరకు ఉన్న మరణాలు నాలుగుకు లోపుగా తగ్గినవి. ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించినది 2023లో, మరణానంతరం.

అయితే పాళ్లు తప్పితే మందే హాని చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన సూత్రం ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు ఉండాలి. ఇందులో గ్లూకోజు అణువులు, సోడియం అయానులు లెక్కకు సమానంగా ఉంటాయి. లీటరు చెరుకు రసంలోనైతే చక్కెర నూరు గ్రాములకు పైమాటే. వాహకాలు ఎన్ని ఉన్నవో అంతే పని చేయగలవు. మిగిలిన చక్కెర ప్రేగులోనే ఉండి, ద్రవాభిసరణ వల్ల దేహంలోని నీటిని తనవైపు లాగుతుంది. ఆరోగ్యవంతునికి ఇఫ్తార్ వేళ షర్బత్ వల్ల వచ్చే చిక్కేమీ లేదు. విరేచనాలతో వాడిపోయిన పసిబిడ్డకు అదే షర్బత్ పడితే విరేచనాలు హెచ్చుతాయి.

ఈ కారణం చేతనే, చక్కెర అనేక రెట్లు అధికంగా ఉన్న పానీయాలు ఓ.ఆర్.ఎస్. పేరు తగిలించుకొని అమ్ముడుపోవడం మీద హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ కొన్నేళ్లపాటు పోరాడారు. ఉన్నత న్యాయస్థానం దాకా వెళ్లారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అట్టి పానీయాలపై ఆ పేరు వాడరాదని ఆదేశించింది. ఒక ప్రోటీను నడక తెలిసిన వైద్యురాలికి సీసా మీది పేరులోని మోసం వెంటనే తెలిసినదంటే ఆశ్చర్యం లేదు. తెలియవలసినది కొనుక్కునే తల్లులకు.

వేసవిలో దూరగ్రామాల నుండి బస్సులలో వచ్చే మన విద్యార్థులకు ఇది పుస్తకాల విషయం మాత్రమే కాదు. కార్యాలయంలో కొన్ని ఓ.ఆర్.ఎస్. పొట్లాలు సిద్ధంగా ఉంచవలసిందని కమిటీ పెద్దలకు మా మనవి. 20.5 గ్రాముల పొట్లాన్ని ఒకేసారి విప్పి, సరిగ్గా లీటరు మంచినీటిలో కలపాలి. సగం గ్లాసులో కలిపితే గాఢత మితిమీరుతుంది. రుచి కోసమని పైన మరో చెంచా చక్కెర వేయరాదు.