చిన్న సీఎన్‌సీ యంత్రంపై అల్యూమినియం మిల్లింగు

అల్యూమినియం మిల్లింగు అనగా తిరుగుతున్న కట్టరు సహాయంతో అల్యూమినియం పలక లేక దిమ్మె నుండి అనవసరమైన లోహాన్ని తొలగించి, కావలసిన ఆకారాన్ని తీసుకువచ్చే ప్రక్రియ. కర్మాగారాలలో దీనికి టన్నుల బరువున్న యంత్రాలను వాడతారు. ఔత్సాహికులు ఇంటిలో బల్లపై అమర్చుకొనే చిన్న సీఎన్‌సీ యంత్రాలపై కూడా ఈ పని చేయవచ్చును. అయితే ఈ యంత్రాలలో చాలావరకు చెక్క, ప్లాస్టిక్ వంటి మెత్తని పదార్థాల కొరకు తయారైనవి. కనుక లోహాన్ని కోసేటప్పుడు కొన్ని ప్రత్యేక పద్ధతులను పాటించవలసి ఉంటుంది.

నేపథ్యం

సీఎన్‌సీ అనగా కంప్యూటర్ న్యూమరికల్ కంట్రోల్. అంకెల ఆదేశాలతో నడిచే మిల్లింగు యంత్రాన్ని 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ప్రదర్శించారు. విమాన భాగాల తయారీ కొరకు జాన్ పార్సన్స్ చేసిన ఆలోచన దీనికి మూలం. అప్పట్లో ఆదేశాలను రంధ్రాలు పొడిచిన టేపు ద్వారా ఇచ్చేవారు. నేటి చిన్న యంత్రాలలో జీ-కోడ్ రూపంలో ఉన్న ఆదేశాలను ఒక కంట్రోలర్ బోర్డు చదివి, మూడు అక్షాల మోటార్లను నడుపుతుంది.

లోహ స్వభావం

అల్యూమినియం సాంద్రత ఉక్కు సాంద్రతలో సుమారు మూడవ వంతు. ఇది 660 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. మెత్తని లోహమే అయినా, కోత సమయంలో పుట్టే వేడికి, ఒత్తిడికి ఇది కట్టరు అంచుకు అతుక్కుంటుంది. అతుక్కున్న లోహం కట్టరు గాళ్ళలో నిండితే కట్టరు విరిగిపోతుంది. స్వచ్ఛమైన అల్యూమినియం మరింత జిగటగా ఉంటుంది. మెగ్నీషియం, సిలికాన్ కలిసిన 6061 మిశ్రమం శుభ్రంగా తెగుతుంది కనుక ఈ పనికి అనువైనది.

వేగాల లెక్క

కట్టరు ముందుకు కదిలే వేగాన్ని ఫీడ్ అంటారు. దీనిని ఈ విధంగా లెక్కిస్తారు:

ఫీడ్ = నిమిషానికి భ్రమణాలు × కట్టరు పళ్ళ సంఖ్య × ఒక్కొక్క పన్ను తీసే తునక మందం

ఉదాహరణకు, ఒకే పన్ను గల 6 మి.మీ. కట్టరు నిమిషానికి 10,000 సార్లు తిరుగుతూ 0.03 మి.మీ. మందం గల తునకను తీయాలంటే, ఫీడ్ నిమిషానికి 300 మి.మీ. ఉండాలి. అదే ఫీడ్‌తో రెండు పళ్ళ కట్టరును వాడితే తునక మందం 0.015 మి.మీ.కు తగ్గుతుంది.

కట్టరు విరుగుతుందన్న భయంతో కొత్తవారు ఫీడ్‌ను బాగా తగ్గిస్తారు. ఇది పొరపాటు. తునక మరీ పలుచనైతే పన్ను లోహాన్ని కోయక, దానిపై రాపిడి చేస్తుంది. వేడిని వెంట తీసుకుపోవలసిన తునకలు లేక కట్టరు వేడెక్కుతుంది. యంత్రానికి తగినంత దృఢత్వం లేనప్పుడు తగ్గించవలసినది కోత లోతు. చిన్న యంత్రాలపై ఒక్కొక్క పొరకు 0.2 నుండి 0.5 మి.మీ. లోతుతో మొదలుపెట్టడం మంచిది.

కట్టరు, కోత పద్ధతి

తునకలు సులువుగా బయటకు రావడానికి ఒకటి లేక రెండు పళ్ళు గల కార్బైడ్ కట్టర్లను వాడతారు. అల్యూమినియం కలిసిన పూత గల కట్టర్లకు లోహం అతుక్కొనే స్వభావం ఎక్కువ కనుక, పూత లేని నునుపైన కట్టర్లు మేలు. కట్టరును నిలువుగా గుచ్చక, వాలుగా లేక మరచుట్టు వలె దించాలి. గాడిలో తునకలు మిగిలితే కట్టరు వాటినే మరల కోస్తుంది. అందుచేత గాలిని ఊదుతూ, కొద్దిగా కందెనను అందిస్తారు. చివరిగా 0.1 మి.మీ. వంటి పలుచని పొరను తీస్తే అంచులు నునుపుగా వస్తాయి.

జాగ్రత్తలు

* కంటి అద్దాలు తప్పనిసరి. చేతి తొడుగులు తిరిగే కట్టరుకు చిక్కుకొనే ప్రమాదం ఉంది కనుక యంత్రం నడిచేటప్పుడు ధరించరాదు.
* పలకను గట్టిగా బిగించాలి. పూర్తిగా కోసిన భాగం ఎగిరిపోకుండా సన్నని బంధాలను వదలాలి.
* కిరోసిన్, ఆల్కహాల్ వంటి కందెనలకు నిప్పు అంటుకొంటుంది.
* సన్నని అల్యూమినియం పొడి మండగలదు. అది మండితే నీరు పోయరాదు. పొడి ఇసుకతో కప్పాలి.
* యంత్రాన్ని నడుస్తుండగా వదలి వెళ్ళరాదు.

ఇవి కూడా చూడండి

* అల్యూమినియం
* మిల్లింగు యంత్రం
* జీ-కోడ్