ప్లాటు కొనే ముందు మన వాడలో అడగండి

పోయిన దసరాకు ముందు మా చిన్నాయన కొడుకు ఫోన్ చేశాడు. పాశమైలారంలో కాంట్రాక్టు కార్మికుడు. "అన్నా, నూరు గజాల ప్లాటు దొరుకుతున్నది. పక్క వెంచర్ల రేటుల సగం కూడా లేదు. నోటరీ చేసిస్తరట. చిట్టి ఎత్తి కడుదామనుకుంటున్న. ఏమంటవ్?" అన్నాడు. సర్వే నంబరు పంపమన్నాను. పంపాడు. చూడగానే గుర్తుపట్టాను. నా పరిశోధన పని మీద ఆ ఊరి మాదిగవాడకు పోయినప్పుడు, ఒక పెద్దమ్మ ప్లాస్టిక్ కవరులోంచి తీసి చూపించిన లావుణి పట్టా మీద ఉన్న నంబరు అది.

ఆ పెద్దమ్మ కుటుంబం ఇప్పుడు ఆ భూమి మీద లేదు. బిడ్డ పెళ్లికి అప్పు ఇచ్చిన ఆసామి ముందు ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు, తర్వాత కంచె వేశాడు. అప్పటి నుంచి చేతులు మారి మారి, ఇప్పుడు అదే నేలను గజాల చొప్పున కోసి ఇంకో దళిత కుటుంబానికి అమ్మజూపుతున్నారు. అంటే ఒకే మోసంలో రెండు దళిత ఇళ్లు మునుగుతాయి. ఒకరికి భూమి పోయింది, ఇంకొకరికి పైసలు పోతాయి.

తమ్ముడికి ఆ రోజు ఫోన్‌లో చెప్పిన మాటలనే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. రియల్ ఎస్టేట్ మన వ్యవహారం కాదని పక్కకు జరిగితే సరిపోదు. సంగారెడ్డి, పటాన్‌చెరు చుట్టూ పనిచేసే మన పిల్లలు నెలనెలా కూడబెట్టిన పైసలతో సొంత జాగా కావాలనుకోవడం న్యాయమైన కోరిక. ఆ కోరికను ఎవరు, ఎలా సొమ్ము చేసుకుంటున్నారో తెలుసుకోవడమే మొదటి పెట్టుబడి.

ఈ నేల ధర ఎలా పెరిగింది

రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చాయి. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు పెరిగాయి. కంపెనీల వ్యర్థాలతో నక్కవాగు విషమైంది. ఆ గోడు 1990లోనే సుప్రీంకోర్టు దాకా పోయింది. తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు, కందిలో ఐఐటీ వచ్చాయి. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడింది. ఇప్పుడు రీజినల్ రింగ్ రోడ్డు పేరు చెప్పి అమ్ముతున్నారు. ప్రతి ప్రకటనతో గజం ధర ఒక మెట్టు ఎక్కుతూ వచ్చింది.

ధర లేని రోజుల్లో ఊరికి దూరంగా, రాళ్లూ రప్పలూ ఉన్న సర్కారు భూమి భూమిలేని పేదలకు దక్కింది. వాళ్లలో మాల, మాదిగ కుటుంబాలు ఎక్కువ. రోడ్డు వచ్చాక ఆ రాళ్ల నేల మీదే అందరి కన్ను పడింది. మిగతా భూమిని పట్టాదారు నుంచి మార్కెట్ ధరకు కొనాలి. అసైన్డ్ భూమిని అప్పు, బెదిరింపు, వేలిముద్రలతో చవకగా లాక్కోవచ్చు. నోటరీ ప్లాటు చవకగా దొరికితే దాని వెనుక ఇలాంటి కథ ఉందేమో ముందు అనుమానించాలి.

చట్టం ఏమంటోంది

తెలంగాణలో 1958 నాటి జీవో 1406 తర్వాత భూమిలేని పేదలకు ఇచ్చిన భూమిని వారసులు అనుభవించవచ్చు, అమ్మకూడదు. 1977లో వచ్చిన అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం (అందరూ పీవోటీ చట్టం అంటారు) దీన్ని ఇంకా గట్టిగా చెప్పింది. అమ్మకం, దానం, కౌలు, తాకట్టు, మార్పిడి ఏదీ చెల్లదు. అమ్మేవాళ్లు అమ్మకూడదన్న మాట చాలామందికి తెలుసు. కొనేవాళ్లు కొనకూడదనీ, కొంటే శిక్ష ఉందనీ అదే చట్టంలో ఉంది. ఆ మాట ఏ బ్రోకరూ చెప్పడు.

నిబంధన ఉల్లంఘన జరిగిందని తేలితే అధికారులు ఆ భూమిని స్వాధీనం చేసుకుని అసలు అసైనీకి లేదా వారసులకు తిరిగి ఇవ్వాలి. అది వీలుకాకపోతే ప్రభుత్వం కిందికి తీసుకోవచ్చు. మధ్యలో కొన్నవాడి పైసలు ఎవరూ తిరిగి ఇవ్వరు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 1958కి ముందు ఇచ్చిన కొన్ని లావుణి పట్టాలకు, ధర కట్టి తీసుకున్నవాటికి ఈ అమ్మకూడదనే షరతు లేదు. బ్రోకర్లు దీన్ని పట్టుకుని "ఇది పాత లావుణి, ఏం కాదు" అంటారు. ఆ మాట నమ్మకూడదు, కాగితం అడగాలి. పట్టా ఏ సంవత్సరానిది, ఏ షరతు మీద ఇచ్చారన్నది రాతలో చూపించాల్సిన బాధ్యత అమ్మేవాడిది.

నోటరీ, జీపీఏ, గుంట ప్లాటు, ప్రీలాంచ్

నోటరీ కాగితం మీద సంతకాలు నిజమైనవని మాత్రమే చెబుతుంది. భూమి మీద హక్కు ఇవ్వదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వంద రూపాయలకు మించిన స్థిరాస్తి బదిలీకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. జీపీఏ మీద అమ్మకం యాజమాన్యాన్ని ఇవ్వదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో ఉన్న భూములను సబ్ రిజిస్ట్రార్ రిజిస్టర్ చేయకూడదు. "రిజిస్ట్రేషన్లు త్వరలో ఓపెన్ అవుతాయి, ఇప్పటికి నోటరీ చేద్దాం" అన్నారంటే, ఆ నంబరు ఆ జాబితాలో ఉందా లేదా అని వెంటనే చూసుకోవాలి.

గుంట ప్లాట్లు ఇంకో రకం. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. లేఅవుట్ అనుమతి లేకుండా వ్యవసాయ భూమిని గుంటల లెక్కన అమ్ముతారు. పాస్‌బుక్కు వస్తుందంటారు. అది వ్యవసాయ భూమిగానే ఉంటుంది, ఇల్లు కట్టడానికి అనుమతి దొరకదు.

ప్రీలాంచ్ అంటే అనుమతులు రాకముందే పైసలు వసూలు చేయడం. 2016 రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో లేదా 8కి మించి ఫ్లాట్లతో వేసే ప్రాజెక్టును రెరాలో నమోదు చేయకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. అయినా అమీన్‌పూర్‌లో సాహితీ ఇన్‌ఫ్రా ప్రీలాంచ్ పేరుతో పైసలు కట్టిన కుటుంబాలు పోలీసుల దగ్గరికి పోవాల్సి వచ్చింది. ఆ సంస్థ ఎండీని 2022 డిసెంబరులో అరెస్టు చేశారు.

2024 సెప్టెంబరు 22న అదే అమీన్‌పూర్ మండలంలోని పటేల్‌గూడ, కిష్టారెడ్డిపేటల్లో ప్రభుత్వ భూమిలో కట్టారంటూ ఇళ్లను, భవనాలను హైడ్రా కూల్చేసింది. ఇలాంటిచోట కట్టి అమ్ముకున్నవాడికి పైసలు అప్పటికే ముట్టి ఉంటాయి. కొనుక్కుని సామాన్లు సర్దుకున్నవాళ్లే రోడ్డు మీద నిలబడతారు.

కొనే ముందు చూడాల్సినవి

మొదట సర్వే నంబరు. అది చెప్పడానికి తటపటాయిస్తే బేరం అక్కడితో ఆపేయాలి. నంబరు దొరికాక ప్రభుత్వ పోర్టల్‌లో చూడాలి. 2020లో ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. పోర్టల్‌లో తప్పులుంటాయి కాబట్టి అక్కడితో ఆగకూడదు. తహసీల్దార్ కార్యాలయంలో పాత పహాణీల నకళ్లు తీసుకోవాలి, 1954-55 ఖాస్రా పహాణీతో సహా. వాటిలో లావుణి, సర్కారీ, గైరాన్, శిఖం, ఇనాం, భూదాన్, వక్ఫ్, దేవాదాయ అన్న మాటల్లో ఏది కనిపించినా వకీలును అడగకుండా అడుగు వేయకూడదు. శిఖం అంటే చెరువు భూమి. ఇనాం అయితే ఆక్యుపెన్సీ రైట్స్ సర్టిఫికెట్, అంటే ఓఆర్‌సీ, ఎవరి పేరు మీద వచ్చిందో చూడాలి. ఊరికి నీరడి, బేగరి పని చేసినందుకు మన తాతలకు దక్కిన ఇనాం భూములు ఓఆర్‌సీ దగ్గరే ఇతరుల పేర్ల మీదికి మారిన ఊళ్లున్నాయి.

రెండోది ఈసీ, లింకు డాక్యుమెంట్లు. కనీసం 30 ఏళ్ల ఈసీ తీయించాలి. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో గొలుసు తెగకుండా కనిపించాలి. మధ్యలో ఒక జీపీఏ, ఒక నోటరీ దూరిందంటే అక్కడ ఏదో దాచారు.

మూడోది అనుమతి. హెచ్‌ఎండీఏ పరిధిలోనా, డీటీసీపీ పరిధిలోనా అన్నది తెలుసుకుని, లేఅవుట్ నంబరు ఆ కార్యాలయంలో సరిచూడాలి. "అప్లై చేశాం" అంటే అనుమతి లేనట్టే. లేఅవుట్‌లో కొన్ని ప్లాట్లను అభివృద్ధి పనులు పూర్తయ్యేదాకా అనుమతి ఇచ్చే సంస్థకే తనఖా పెడతారు. మీకు చూపించేది ఆ తనఖా ప్లాటు కాదని నిర్ధారించుకోవాలి. ఎల్ఆర్ఎస్ కట్టాం అంటే రసీదు కాదు, క్రమబద్ధీకరణ ఉత్తర్వు అడగాలి. చెరువు దగ్గరైతే ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ హద్దులు చూడాలి.

నాలుగోది నీళ్లు. పారిశ్రామికవాడ దగ్గర ప్లాటు అయితే పక్కింటి బోరు నీళ్లు చూడండి, పరీక్ష చేయించండి. రంగు మారిన నీళ్లున్న చోట చవకగా కొన్నది ట్యాంకరుకూ ఆసుపత్రికీ ఖర్చవుతుంది.

ఐదోది ఏ పోర్టల్‌లోనూ దొరకదు. ఆ ఊరి దళితవాడకు పోయి పెద్దమనుషుల దగ్గర కూర్చోండి. "ఈ నంబరు ఎవరు దున్నేవారు? ఎట్లా పోయింది?" అని అడగండి. కరణం రాయనిది, పోర్టల్ చూపనిది వాళ్లు చెబుతారు. మన వాడలో ఒక్క పూట కూర్చుంటే పదేళ్ల కష్టం మిగలవచ్చు.

పైసల లెక్క

ప్లాటు 15 లక్షలైతే స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం. అంటే 1,12,500 రూపాయలు అదనం. నోటరీ వైపు మనోళ్లు మొగ్గడానికి ఇది కూడా ఒక కారణం. లక్ష మిగులుతుందని చూసి పదిహేను లక్షలూ పోగొట్టుకుంటారు.

రెండో లెక్క వడ్డీ. ఐదు లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు పదివేలు, ఏడాదికి లక్షా ఇరవై వేలు. ప్లాటు నెలకు రూపాయి కూడా ఇవ్వదు. ధర ఏటా 24 శాతం పెరిగితేనే వడ్డీ తీరుతుంది. అలా పెరుగుతుందని హామీ ఇచ్చేవాడు అమ్మేవాడు మాత్రమే. కాగితాలు సరిగ్గా ఉన్న అనుమతి ప్లాటుకు బ్యాంకు తక్కువ వడ్డీకి రుణం ఇస్తుంది. బ్యాంకు ఎందుకు ఇవ్వనంటుందో అడిగితే, ఆ జవాబులోనే ప్లాటు గుట్టు బయటపడుతుంది.

చిన్నగా మొదలుపెట్టాలనుకునేవాళ్లు ప్లాటు మాత్రమే దారి అనుకోనవసరం లేదు. ఇస్నాపూర్, రుద్రారం, పాశమైలారం చుట్టూ బీహార్, ఒడిశా, యూపీ కూలీలు గదుల కోసం తిరుగుతుంటారు. సొంత పత్రాలున్న ఇంటి జాగా ఉంటే, అనుమతి తీసుకుని రెండు గదులు వేసుకోవడం అప్పు చేసి కొన్న ప్లాటు కంటే మేలు. అద్దె మొదటి నెల నుంచే వస్తుంది. ప్రభుత్వం ఇచ్చిన ఇంటి స్థలమైతే మాత్రం అద్దెకిచ్చే ముందు పట్టా షరతులు చదవాలి. ఇంకొక మాట. కులం అడిగి మనకు ఇల్లు ఇవ్వని ఓనర్లను మనం చూశాం. రేపు మనమే ఓనర్లమైతే ఒక్క గదిలో పదిమందిని కుక్కి, తలకింత అని వసూలు చేసే ఓనర్లం కాకూడదు. జాగా కొంటే రిజిస్ట్రేషన్ భార్య పేరు మీద గానీ, ఇద్దరి పేర్ల మీద గానీ చేయించండి.

భూమి మన చేతిలో ఉంటే

కొనడం కంటే ముందు, ఉన్నది పోకుండా కాపాడుకోవాలి. మీ ఇంట్లో లావుణి పట్టా ఉంటే అసలు కాగితం ఎవరికీ ఇవ్వకండి, నకలు తీసి పెట్టండి. జీపీఏ, డెవలప్‌మెంట్ అగ్రిమెంట్, కౌలు పేరుతో ఏ సంతకమూ పెట్టకండి.

ప్రభుత్వమే ప్రజా ప్రయోజనం పేరుతో తీసుకుంటే "మీది సర్కారు భూమి, ఇచ్చింది తీసుకోండి" అంటారు. అది సరికాదు. అసైన్డ్ భూమిని ప్రజా ప్రయోజనానికి వెనక్కి తీసుకున్నా పట్టాదారులతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో మేకల పాండు కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. ఆ కేసు మన పక్కనున్న చేవెళ్లదే. 2013 భూసేకరణ చట్టం కూడా ప్రభుత్వం భూమి కేటాయించిన కుటుంబాలను బాధిత కుటుంబాలుగా గుర్తించింది.

ప్రైవేటు వ్యక్తి లాక్కుంటే రెండు దారులు ఒకేసారి పట్టండి. పీవోటీ చట్టం కింద తహసీల్దారుకు దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఎస్సీ, ఎస్టీల భూమిని అక్రమంగా ఆక్రమించడం, వాళ్లను వెళ్లగొట్టడం అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(ఎఫ్), 3(1)(జి) కింద నేరం. ఫిర్యాదులో ఈ సెక్షన్లు రాయించండి. విద్యార్థి సంఘాల మిత్రులకు ఒక మనవి. సెలవుల్లో ఊరికి పోయినప్పుడు మీ వాడలోని లావుణి పట్టాలన్నీ ఫోన్‌లో ఫొటో తీసి, నంబర్ల వారీగా జాబితా రాయండి. ఆ జాబితా ఉంటే భూమి కోసం కొట్లాడేవాళ్లకూ, ప్లాటు కొనబోయే మనోళ్లకూ ఇద్దరికీ పనికొస్తుంది.

మా తమ్ముడు ఆ ప్లాటు కొనలేదు. అడ్వాన్సుగా ఇచ్చిన పదివేలు మాత్రం తిరిగి రాలేదు. ఆ తర్వాతి సోమవారం సెలవు పెట్టి నాతోపాటు పెద్దమ్మ ఇంటికి వచ్చాడు. పెద్దమ్మ కొడుకుతో కలిసి ముగ్గురం తహసీల్దార్ కార్యాలయానికి పోయి దరఖాస్తు ఇచ్చాం. రసీదు ఆమె కవరులో, పట్టా పక్కనే ఉంది. విచారణ ఇంకా మొదలు కాలేదు.