సరిహద్దు గుర్తులు



వ్యాకరణము చెప్పుకొని బ్రతికినవానికి కంప్యూటరుతో నేమి పని యని మీరడుగవచ్చును. ఆ యంత్రమునకై యేర్పరచిన భాషలలో వైయాకరణులకు చిరపరిచితమగు చిక్కొకటి కలదు.

తెలుగున పరుల మాటను చెప్పి చివర ‘అని’ చేర్చుదుము. ఆ మాటకు అదియే సరిహద్దు. ‘అని’ యను పదమునుగూర్చియే చెప్పవలసివచ్చినచో వినువాడు కొంత తడబడును; అయినను సందర్భమునుబట్టి గ్రహించును. యంత్రము సందర్భము నెరుగదు.

ఆజ్ఞలలో యథాతథముగ గ్రహింపవలసిన అక్షరములను రెండు కొటేషను గుర్తుల నడుమ నుంచుదురు. దీనికి స్ట్రింగు అని పేరు. "గురువు "రమ్ము" అనెను" అని వ్రాసితిమా, రెండవ గుర్తుకడనే స్ట్రింగు ముగిసెనని యెంచి, తక్కినదానిని ఆజ్ఞగా చదువబోయి యంత్రము తప్పుపట్టును. "గురువు \"రమ్ము\" అనెను" అని వ్రాసినచో సరిపోవును. (ఇది చెవికి కష్టము, కాగితముమీద వ్రాసి చూచుకొనుడు.) వెనుకకు వాలిన ఆ గీతయే బాక్‌స్లాష్. తన వెంటనున్న గుర్తు సరిహద్దు కాదనియు, వట్టి అక్షరమే యనియు అది తెలుపును. గీతయే కావలసినచో రెండు గీతలు వ్రాయవలెను. దీనికి విపర్యయముగూడ కలదు: ఆంగ్లపు ‘ఎన్’ అక్షరమునకు ముందు గీత చేరినచో, ఆ సామాన్యాక్షరము క్రొత్త పంక్తికి సంకేతమగును. పాణిని వ్యాకరణమున సామాన్యముగ పదము తన రూపమునే తెలుపును. ‘ఇతి’ చేరినచోట అర్థమువైపు తిరుగును. గీతయు అట్టి తిరుగుడు గుర్తే.

ఈ గీతను 1961లో బాబ్ బెమర్ అను అమెరికనుడు యంత్రాక్షరముల పట్టికలో చేర్పించెను. డెన్నిస్ రిచీ నిర్మించిన సీ భాషవలన ఈ వాడుక మిక్కిలి వ్యాపించినది. పట్టికలను ప్రశ్నించు ఎస్‌క్యూఎల్ భాషలోనో, గుర్తునే రెండుమారులు వ్రాయుట పద్ధతి.

ఇది వట్టి శబ్దచర్చ కాదు. ఇంటిపేరు డి'సౌజా యగువారు తమ పేరు వ్రాయగా, నడిమి గుర్తుకడ స్ట్రింగు తెగి, యంత్రము నిరాకరించుట కలదు. దొంగయో, పేరు వ్రాయవలసిన చోట ముందొక గుర్తు నుంచి, దాని వెనుక తన యాజ్ఞను వ్రాయును. ఏమరుపాటున నిర్మించిన యంత్రము దానిని యజమాని యాజ్ఞగా పాటించి, పరుల రహస్యములను బయటపెట్టును, లేదా పట్టికనే తుడిచివేయును. గుర్తులను తప్పించుటకంటె, ఆజ్ఞలో పేరునకు ఖాళీ విడిచి, పేరును వేరుగ నందించుటయే మేలని నా మతము. అప్పుడు పేరు ఎన్నటికిని ఆజ్ఞ కాజాలదు.

ఒక భాషకు చేసిన తప్పింపు మరియొక భాషకు చెల్లదు. అవసరములేని చోట తప్పించినవారి యుత్తరములలో ఆ పేరు డి\'సౌజా యని గీతతోనే అచ్చుపడి వచ్చును.