కొళాయినీటిలో సీసము

నీరు తేటగా నున్నంతమాత్రమున దోషరహితమని తలచుట తగదు. సీసము కరగిన నీటికి రంగు మారదు, వాసన పుట్టదు, రుచి చెడదు. కాచినను అది పోదు. నీరు ఆవిరియైన కొలది మిగిలినదానిలో దాని పాలు హెచ్చును. కలరా భయమున కాచిన నీటినే నమ్ముకొన్న మన గృహస్థులకిది వింతగా తోచవచ్చును గాని, క్రిమి వేరు, లోహము వేరు.

ఈ కీడు నేడు కనుగొన్నది గాదు. సీసపు పనివాండ్ర పాలిపోయిన మేనులను జూపి, మట్టిగొట్టములే మేలని రోమక శిల్పి విట్రూవియసు రెండువేల యేండ్ల క్రిందటనే వ్రాసెను. అయినను అమెరికాలో సీసపు గొట్టములను క్రొత్తగా వేయరాదని శాసించుటకు 1986 వఱకు పట్టినది!

మిచిగన్ రాష్ట్రమందలి ఫ్లింటు పట్టణపు గాథ మన పాఠకులెరుగదగినది. ఆ పట్టణమును అప్పుడు ఏలుచుండినది ప్రజలెన్నుకొన్న సభ గాదు, రాష్ట్రము నియమించిన అత్యవసర పాలకుడు. 2014 ఏప్రిలులో వ్యయము తగ్గింపబూని, డెట్రాయిటునుండి వచ్చు నీటిని మాన్పించి ఫ్లింటు నదీజలమును ఇండ్లకు విడిచిరి. గొట్టముల లోగోడలకు పొరగా నంటి లోహమును కరగనీయని ఫాస్ఫేటును కలుపరైరి. ఉన్న పొర కాస్త రాలిపోగా సీసము నీటిలో దిగెను. పౌరులు ఎఱ్ఱని నీటిని సీసాలలో పట్టి తెచ్చి చూపిరి. ఆ యెఱుపు ఇనుపత్రుప్పుది. అసలు విషము కంటికి గానరానిది. నీరు మంచిదే యని వారికి వచ్చిన యుత్తరము! 2015 సెప్టెంబరులో మోనా హన్నా-అటీషా యను శిశువైద్యురాలు పసివాండ్ర రక్తమున సీసము హెచ్చినదని లెక్కలతో వెల్లడింపగా, తొలుత ఆమె మాటనే కొట్టివేసిరి. అక్టోబరులో పాతనీరు మరల వచ్చినది. పసిమెదడునకు దగిలిన దెబ్బను మాత్రము మరల్చుట యెవరితరము?

మన యిండ్లలో ఇనుప, ప్లాస్టిక్ గొట్టములే పెక్కు గదా యని నిశ్చింతగా నుండరాదు. పి.వి.సి. గొట్టములు వేడికి చెడకుండుటకై సీసపు లవణములను కలుపుట చిరకాలపు వాడుక. దానిని తొలగించుటకు కేంద్రప్రభుత్వము 2021లో నిబంధనలు చేసినది గాని, అంతకు ముందే గోడలలో బిగించినవి అక్కడనే యున్నవి. తరిణె పట్టుట సులభమగునని ఇత్తడి కొళాయిలలోను సీసము కలుపుదురు. చౌకబేరపు కళాయిపూతలో తగరమునకు బదులు సీసమే చేరుచుండుటయు కలదు. మన ప్రమాణము ప్రకారము లీటరునకు 0.01 మిల్లీగ్రామునకు మించరాదు. శిశువుల మేను పెద్దలకంటె నాలుగైదు రెట్లు అధికముగా సీసమును పీల్చుకొనునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది.

కావున రాత్రియంతయు గొట్టములో నిలిచిన నీటిని వేకువనే త్రాగుటకు పట్టరాదు. కొంతసేపు మొక్కలకు విడిచి, పిదప పట్టవలెను. గీజరు వేడినీటితో వంట వలదు, పాలపొడి కలుపుట మొదలే వలదు. ఆర్‌.ఓ. యంత్రము సీసమును చాలవఱకు తీసివేయును; దాని పొరను వేళకు మార్పింపవలెను. నీటిని పరీక్షింపించువారు వేకువ తొలినీటినే సీసాలో పట్టి పంపవలెనని మా సూచన. పురపాలక సంఘములు సైతము శుద్ధికేంద్రమువద్ద గాక, ఇంటి కొళాయి వద్దనే నమూనా తీయవలెను. ఫ్లింటులో పరీక్షకు ముందు కొళాయిని కొంతసేపు విడిచియుంచుడని గృహస్థులకు చెప్పియుండిరి. అందుచేతనే కాగితముపై లెక్క చక్కగా కనబడినది.