స్టాండ్‌బైలో మిగిలిపోయిన మీట

కలిదిండికి పడమరగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న గన్నవరం విమానాశ్రయం చుట్టూ, సరిహద్దురాయి ఏదీ కనిపించకపోయినా, నియంత్రిత గగనతలం ఉంది. అంటే కంట్రోలర్ అనుమతి లేకుండా విమానం ప్రవేశించకూడని ఆకాశభాగమన్నమాట. తాడేపల్లిగూడెంలో రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో వేసిన రన్‌వే మూలపడి చాలాకాలమైనందున కొల్లేటి సీమలో సొంత విమానం నడిపేవారు అరుదే అయినా, శత్రు విమానాల నుంచి సొంత విమానాలను వేరుచేసి గుర్తించడానికి ఆ యుద్ధంలోనే వాడుకలోకి వచ్చిన పరికరానికి వారసత్వంగా రూపొందిన ట్రాన్స్‌పాండరే నేటికీ ఆకాశభద్రతకు ఆధారం.

నేలమీది రాడార్ రేడియో తరంగంతో ప్రశ్నించగానే, కంట్రోలర్ కేటాయించిన నాలుగంకెల సంఖ్యను ఈ పరికరం జవాబుగా పంపుతుంది; ప్రతి అంకె 0 నుంచి 7 లోపుదే కావడంతో మొత్తం 4,096 సంఖ్యలే సాధ్యం. పాత చిన్న విమానాల్లో మీటను ‘ఆల్ట్’ వైపు తిప్పితే ఎత్తు కూడా జతపడుతుంది, ‘ఆన్’లో ఉంచితే సంఖ్య మాత్రమే వెళుతుంది, ‘స్టాండ్‌బై’లో వదిలేస్తే పరికరం సిద్ధంగా ఉండి కూడా పలకదు. రన్‌వే చేరేవరకు స్టాండ్‌బైలో ఉంచడం ఒకప్పటి అలవాటు కనుక, సరిగ్గా మీట తిప్పవలసిన క్షణాన రేడియోలో పిలుపు వస్తే ఆ పని మరుపున పడుతుంది. ఇంజనూ రేడియో కూడా మామూలుగానే పనిచేస్తుండటంతో, లోపం జరిగిందని పైలట్‌కు సులువుగా స్ఫురించదు.

ప్రయాణికుల విమానాల్లోని ఢీనివారణ పరికరం చుట్టుపక్కల ట్రాన్స్‌పాండర్లను ప్రశ్నించి, వచ్చిన జవాబులను బట్టే పైకి వెళ్లమనో కిందికి దిగమనో పైలట్లకు చెబుతుంది కాబట్టి, దాని దృష్టిలో కొల్లేటి ఒడ్డున ఆటపాకలో ఎగిరే గూడబాతుకూ స్టాండ్‌బైలో ఎగిరే విమానానికీ తేడా లేదు. 1986 ఆగస్టు 31న అమెరికాలోని సెరిటోస్ పట్టణంపై, ఎత్తు తెలిపే సౌకర్యం లేని చిన్న పైపర్ విమానం అనుమతి లేకుండా లాస్ ఏంజెలిస్ నియంత్రిత గగనతలంలోకి చొరబడి ఏరోమెక్సికో విమానాన్ని ఢీకొనగా, నేలమీద ఉన్న 15 మందితో కలిపి 82 మంది మరణించారు. ఆ తరువాతే అక్కడి పెద్ద విమానాశ్రయాల చుట్టూ 30 నాటికల్ మైళ్ల పరిధిలో ఎత్తు తెలిపే ట్రాన్స్‌పాండర్‌ను తప్పనిసరి చేశారు.

పరికరం ఉండి కూడా మూగబోయిన సందర్భం ఇంతకన్నా ఆలోచింపజేసేది. 2006 సెప్టెంబరు 29న బ్రెజిల్‌లో లెగసీ అనే చిన్న జెట్ ట్రాన్స్‌పాండర్ దాదాపు గంటసేపు జవాబివ్వలేదు. ఆ సంగతి పైలట్ల ఎదుట చిన్న అక్షరాల్లో కనబడిందే తప్ప ఏ శబ్దమూ హెచ్చరించలేదు. ఎదురుగా వచ్చిన గోల్ సంస్థ బోయింగ్‌ను అది తాకగా, బోయింగ్‌లోని 154 మందిలో ఒక్కరూ మిగలలేదు, లెగసీ మాత్రం క్షేమంగా దిగింది. ఇంతటి ప్రమాదాన్ని కేవలం పైలట్ మతిమరుపుగా కొట్టిపారేయడం న్యాయం కాదు, ఎందుకంటే మరుపును పసిగట్టి గట్టిగా చెప్పలేని యంత్రానికీ అందులో వాటా ఉంది.

భారతదేశంలో 1996 నవంబరు 12న చర్ఖీ దాద్రీ వద్ద 349 మందిని బలిగొన్న ఢీ సంభవించినప్పుడు, ఢిల్లీ కంట్రోలర్ ఎదుట విమానాల ఎత్తు చూపే రాడార్ పనిచేస్తూ ఉండి ఉంటే ప్రమాదాన్ని ముందే కనిపెట్టే అవకాశం ఉండేది. నేలకు అలాంటి రాడార్ వచ్చాక కూడా అది చదవగలిగేది విమానం పంపిన జవాబునే కనుక, తొలి పిలుపులోనే పైలట్ నోటితో చెప్పిన ఎత్తును తెరమీది అంకెతో సరిచూసుకోవడం కంట్రోలర్ల విధానంలో భాగమైంది; కొత్త ట్రాన్స్‌పాండర్లు విమానం నేల విడవగానే తమంతట తామే మేల్కొంటాయి, పాతవాటికి మాత్రం పైలట్ చేతిలోని చెక్‌లిస్టే దిక్కు.