హైదరాబాద్‌కు షిఫ్ట్ అవుతున్నారా? అద్దె తక్కువని ఏరియా ఫిక్స్ చేసేయకండి.. ముందు ఈ లెక్క చూడండి!

ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చింది. లేదంటే కొత్త కంపెనీ ఆఫర్ లెటర్ మెయిల్‌లో పడింది. జాయినింగ్‌కి పదిహేను రోజులే టైమ్. విజయవాడ, వైజాగ్, వరంగల్, కరీంనగర్.. ఊరు ఏదైనా సరే, ఆ రోజు నుంచి ఇంట్లో నడిచే చర్చ ఒక్కటే. హైదరాబాద్‌లో ఇల్లు ఎక్కడ తీసుకుందాం?

చాలామంది చేసేది ఇదే. ఫోన్‌లో యాప్ ఓపెన్ చేసి, ఆఫీసు ఉన్న ఏరియా కొడతారు. అక్కడి అద్దెలు చూసి గుండె గుభేల్‌మంటుంది. మ్యాప్‌లో కాస్త దూరం జరుగుతారు. పదిహేను, ఇరవై కిలోమీటర్ల అవతల అదే టూ బీహెచ్‌కే ఆరేడు వేలు తక్కువకు కనిపిస్తుంది. ఆదివారం వచ్చి ఇల్లు చూసుకుని, అడ్వాన్స్ ఇచ్చేసి వెళ్లిపోతారు. సరిగ్గా ఇక్కడే పప్పులో కాలేస్తున్నారు.

ఎందుకంటే ఆఫీసుకు వెళ్లే మనిషి రోజులో పది, పన్నెండు గంటలు బయటే ఉంటారు. ఆ ఏరియాలో రోజంతా గడిపేది మాత్రం ఇంట్లో ఉండే పెద్దవాళ్లు, స్కూల్‌కి వెళ్లే పిల్లలు, ఇల్లు నడిపేవాళ్లు. ఏరియాని ఒక్కరి ఆఫీసు చూసి కాకుండా నలుగురి అవసరాలు చూసి ఎంచుకోవాలి. అదెలాగో ఇప్పుడు చూద్దాం.

ఏ హైవే మీద ఉంటారు?

హైదరాబాద్ శివార్లు ప్రధానంగా హైవేల వెంట పెరిగాయి. విజయవాడ హైవే మీద ఎల్బీనగర్ దాటితే వనస్థలిపురం, హయత్‌నగర్. వరంగల్ హైవే మీద ఉప్పల్ దాటితే బోడుప్పల్, మేడిపల్లి, నారపల్లి, ఘట్‌కేసర్. నాగ్‌పూర్ హైవే మీద సుచిత్ర, కొంపల్లి, మేడ్చల్. ముంబై హైవే మీద మియాపూర్, చందానగర్, బీరంగూడ, పటాన్‌చెరు. బెంగళూరు హైవే మీద శంషాబాద్.

అందుకే సొంతూరు ఎటువైపో కూడా లెక్కలోకి వస్తుంది. ఊళ్లో అమ్మానాన్నలు ఉండి, నెలకు రెండుసార్లు వెళ్లాల్సిన వాళ్లకు ఇది చిన్న విషయం కాదు. విజయవాడ వైపు వెళ్లేవాళ్లు వనస్థలిపురంలో ఉంటే రోడ్డెక్కగానే హైవే. అదే బీరంగూడలో ఉంటే ముందు సిటీ మొత్తం దాటాలి, లేదా ఔటర్ చుట్టి రావాలి. సంక్రాంతి ముందు రోజుల్లో విజయవాడ హైవే మీద, పంతంగి టోల్‌ప్లాజా దగ్గర రద్దీ ఎలా ఉంటుందో ఏటా టీవీల్లో చూస్తూనే ఉంటాం. దానికి సిటీ దాటే టైమ్ కూడా కలుపుకోండి.

ఇంకో మాట. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే ఇల్లు అని బ్రోకర్ గొప్పగా చెప్తారు. కారు ఉంటే టోల్ కట్టి వెళ్లొచ్చు. బైక్ మీద వెళ్లేవారికి మాత్రం ఉపయోగం తక్కువే. ఔటర్ మెయిన్ రోడ్డుపైకి టూవీలర్లను అనుమతించరు. సర్వీస్ రోడ్డే దిక్కు.

మెట్రో పక్కనే.. సరే, ఏ లైన్?

మెట్రో స్టేషన్ దగ్గర్లో ఉందంటే చాలు, ఇల్లు సగం నచ్చేసినట్టే. కానీ ఏ స్టేషన్ నుంచి ఎక్కడికి అన్నది చూసుకోవాలి.

రెడ్ లైన్ మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వరకు, బ్లూ లైన్ నాగోల్ నుంచి రాయదుర్గం వరకు నడుస్తాయి. ఈ రెండూ కలిసేది అమీర్‌పేటలో. ఇప్పుడు హైటెక్ సిటీలో ఆఫీసు ఉండి మియాపూర్‌లో ఇల్లు తీసుకున్నారనుకుందాం. రోడ్డు మీద సుమారు పది కిలోమీటర్ల దూరం. మెట్రోలో అయితే అమీర్‌పేట దాకా వెళ్లి, రైలు మారి, మళ్లీ వెనక్కి రావాలి. మొత్తం 20 కిలోమీటర్లకు పైనే అవుతుంది. అదే సిటీకి అటు చివర ఉన్న ఉప్పల్ నుంచి అయితే దూరం ఎక్కువే అయినా, ఎక్కిన రైలు దిగకుండా హైటెక్ సిటీలో దిగొచ్చు. మ్యాప్‌లో దగ్గర అనిపించేది రైల్లో దగ్గర కాకపోవచ్చు.

ఆఫీసు గచ్చిబౌలిలోనో, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనో ఉంటే మెట్రో రాయదుర్గంలోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి బస్సు, ఆటో, క్యాబ్ ఏదో ఒకటి పట్టుకోవాలి. ఆ ఖర్చు, ఆ టైమ్ కూడా కలపాలి.

లింగంపల్లి, చందానగర్, హఫీజ్‌పేట వైపు ఉండేవారికి హైటెక్ సిటీకి ఎంఎంటీఎస్ మంచి ఆప్షన్. అయితే మెట్రోలా నిమిషాల వ్యవధిలో రాదు. మీ ఆఫీసు టైమ్‌కి రైలు ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ఇక మెట్రో వచ్చేస్తోంది అనే మాట. మియాపూర్ నుంచి పటాన్‌చెరు, ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ లాంటి కారిడార్లు రెండో దశ ప్రతిపాదనల్లో ఉన్నాయి. కానీ ప్రతిపాదనలో ఉన్న రైలు ఎక్కి ఆఫీసుకు వెళ్లలేం కదా. ఈ రోజు నడుస్తున్న రైలు, బస్సు చూసే ఇల్లు తీసుకోండి.

ఆడవాళ్లకు ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం 2023 డిసెంబర్ 9 నుంచి అమల్లో ఉంది. ఇది తెలంగాణ వాసులకే. ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు తెలంగాణ అడ్రస్‌తో గుర్తింపు కార్డు వచ్చేదాకా టికెట్ కొనాల్సిందే.

అద్దెలో మిగిలింది ఎటు పోయింది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆఫీసుకు 8 కిలోమీటర్ల దూరంలో ఇల్లు, అద్దె 20 వేలు. 25 కిలోమీటర్ల దూరంలో ఇంకో ఇల్లు, అద్దె 14 వేలు. నెలకు 6 వేలు మిగులు. బాగుంది కదా!

ఇప్పుడు ఖర్చు లెక్క వేద్దాం. నెలకు 24 రోజులు ఆఫీసు. దూరపు ఇంటి నుంచి రోజుకు 34 కిలోమీటర్లు ఎక్కువ తిరగాలి. బైక్ లీటరుకు 45 కిలోమీటర్లు ఇస్తుంది, పెట్రోలు లీటరు 107 రూపాయలు అనుకుంటే నెలకు అదనంగా సుమారు 1,940 రూపాయలు. భార్య కూడా ఉద్యోగం చేస్తుంటే లోపలి కాలనీ నుంచి మెయిన్ రోడ్డుకు ఆటో. రానూపోనూ 80 రూపాయలు వేసుకున్నా నెలకు 1,920. ట్యాంకర్ నీళ్ల మీద నడిచే అపార్ట్‌మెంట్ అయితే మెయింటెనెన్స్ ఇంకో 1,500 ఎక్కువ అనుకుందాం. మొత్తం 5,360.

అంటే 6 వేలలో చేతిలో మిగిలింది 640 రూపాయలు. దానికోసం ఇచ్చింది ఏంటి? వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు 35 నిమిషాల చొప్పున ఎక్కువ పట్టినా నెలకు 28 గంటలు. అంటే ఒక రోజు కంటే ఎక్కువ ట్రాఫిక్‌లోనే పోయింది. పిల్లలు నిద్రపోయాక ఇల్లు చేరే నాన్నకి ఆ 28 గంటల విలువ తెలుసు.

అలాగని దూరపు ఇల్లు ఎప్పుడూ నష్టమేం కాదు. వర్క్ ఫ్రమ్ హోమ్ ఉండి, ఆఫీసుకు నెలలో 8 రోజులే వెళ్లాలంటే పెట్రోలు తేడా 650 రూపాయలకు మించదు. అలాంటి ఇంటికి నీళ్లు బాగుంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. మీ ఇంటి అంకెలు వేసుకుని ఈ లెక్క ఒకసారి కాగితం మీద పెట్టండి. పది నిమిషాల పని.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?

నీళ్లొస్తాయా అని అడిగితే ఏ ఓనర్ అయినా ఆ.. ఫుల్ వాటర్ అనే చెప్తారు. అడగాల్సిన ప్రశ్న వేరు. వాటర్ బోర్డు కనెక్షన్ ఉందా, బోరా, ట్యాంకరా?

నగరానికి మంజీరా, సింగూరుతో పాటు కృష్ణా, గోదావరి నీళ్లు పైపుల ద్వారా వస్తాయి. శివారు కాలనీల్లో కొన్నిచోట్ల రోజు విడిచి రోజు, కొన్నిచోట్ల ఇంకా తక్కువగా వస్తాయి. పైపులైన్ లేనిచోట బోరే ఆధారం. మార్చి దాటితే బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం ఎదురుచూపులు మొదలవుతాయి. ఆ బిల్లు మెయింటెనెన్స్ పేరుతో అద్దెకు ఉండేవాళ్ల మీదే పడుతుంది.

జీహెచ్ఎంసీ పరిధిలో నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం 2021 జనవరిలో మొదలైంది. మీటర్, ఆధార్ లింక్ ఉండాలి. మీరు చూస్తున్న అపార్ట్‌మెంట్‌కి అది వర్తిస్తోందో లేదో అడగండి. ఔటర్ లోపల, చుట్టుపక్కల ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను జీహెచ్ఎంసీలో కలపాలని 2025 నవంబర్‌లో తెలంగాణ కేబినెట్ నిర్ణయించింది. కానీ ఆఫీసు బోర్డు మారినంత మాత్రాన రాత్రికి రాత్రి పైపులైన్ రాదు.

నిజం తెలియాలంటే వాచ్‌మన్‌ని అడగండి. పోయిన ఏప్రిల్, మే నెలల్లో వారానికి ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో ఆయనకు లెక్క తెలుసు. వీలైతే గత మే నెల మెయింటెనెన్స్ బిల్లు చూపించమనండి.

ఆ కాలనీ పేరులో చెరువు ఉందా?

2020 అక్టోబర్ 13న కురిసిన వానని హైదరాబాద్ ఇప్పటికీ మర్చిపోలేదు. ఘట్‌కేసర్ వైపు 24 గంటల్లో 30 సెంటీమీటర్లకు పైగా కురిసింది. టోలీచౌకి నదీమ్ కాలనీ, పాతబస్తీ హఫీజ్ బాబానగర్ లాంటి చోట్ల రోజుల తరబడి ఇళ్లలో నీళ్లు. 2023లో కొంపల్లి దగ్గరి మైసమ్మగూడలో అపార్ట్‌మెంట్లు, హాస్టళ్లు నీట మునిగి, విద్యార్థులను బయటికి తీసుకురావాల్సి వచ్చింది.

ఆదివారం ఎండలో చూసినప్పుడు ఇవేవీ కనిపించవు. హెచ్ఎండీఏ వెబ్‌సైట్‌లో చెరువుల ఎఫ్‌టీఎల్ మ్యాపులు ఉంటాయి. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు ఎంతవరకు వస్తాయో చెప్పే హద్దు. నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువు అయితే ఆ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు బఫర్ జోన్. అక్కడ ఇళ్లు కట్టకూడదు. చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా 2024 జులైలో ఏర్పాటైంది. కూల్చేది ఓనర్ ఇల్లే కావచ్చు, రోడ్డు మీద పడేది మాత్రం అందులో అద్దెకు ఉన్నవాళ్ల సామాన్లు కూడా.

మ్యాప్ అర్థం కాకపోతే సింపుల్ చిట్కా. సెల్లార్ గోడల మీద నీటి మరకలు ఉన్నాయేమో చూడండి. పక్కనే ఉన్న కిరాణా షాపులో అడగండి. ఎప్పుడైనా షాపులోకి నీళ్లు వచ్చాయా అని. ఆయనకు మీకు ఇల్లు అంటగట్టాల్సిన అవసరం లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్తారు.

ఆదివారం కాదు.. సోమవారం వెళ్లండి

ఇల్లు చూడటానికి ఒక్కసారి కాదు, మూడుసార్లు వెళ్లండి.

సోమవారం ఉదయం 8.30కి: ఆ ఇంటి నుంచి ఆఫీసుకు నిజంగా బైక్ మీదో, బస్సులోనో వెళ్లి చూడండి. పిల్లల స్కూల్ బస్సు ఎక్కడ ఆగుతుంది, ఎంతసేపు తిప్పుతుంది అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది. స్కూల్‌లో సీటు ఖాయం కాకముందే అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఏడాది మధ్యలో స్కూల్ మార్చడం పిల్లలకూ కష్టం, ఫీజు పరంగా జేబుకీ కష్టం.

రాత్రి 9 దాటాక: వీధి లైట్లు వెలుగుతున్నాయా? మెయిన్ రోడ్డు నుంచి ఇంటిదాకా ఆడవాళ్లు ధైర్యంగా నడవగలరా? అంబులెన్స్ లోపలికి వచ్చేంత దారి ఉందా? పెద్దవాళ్లు ఉంటే 24 గంటల ఆస్పత్రి ఎంత దూరం? వాసన కూడా గమనించండి. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వాసనపై దమ్మాయిగూడ, నాగారం వైపు కాలనీల ఫిర్యాదు ఈనాటిది కాదు. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు పారిశ్రామికవాడల పక్కన ఇల్లు అయితే రాత్రి పూట తప్పకుండా వెళ్లి చూడాలి.

వాన పడిన మర్నాడు: కుదిరితే ఇది అన్నిటికంటే ముఖ్యం. రోడ్డు మీద నీళ్లు ఎంతసేపు నిలిచాయో చూస్తే చాలు.

అడ్వాన్స్ ఇచ్చే ముందు

సాధారణంగా రెండు నెలల అద్దె అడ్వాన్స్ అడుగుతారు. బ్రోకర్ ద్వారా వెళ్తే కమీషన్ అదనం. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసుకోవడం ఇక్కడ మామూలే. ఎంత కోస్తారు, ఎన్ని నెలల ముందు చెప్పాలి, ఏటా అద్దె ఎంత పెంచుతారు, ట్యాంకర్ ఖర్చు ఎవరిది.. ఈ నాలుగూ అగ్రిమెంట్‌లో రాయించుకోండి. నోటిమాటకు తర్వాత విలువ ఉండదు.

కొత్తగా వచ్చినవాళ్లు వెంటనే ఫ్లాట్ కొనేయాలని తొందరపడొద్దు. ముందు అదే ఏరియాలో ఒక ఏడాది అద్దెకు ఉండండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిస్తే ఆ ఏరియా సంగతి మొత్తం తెలిసిపోతుంది. ఆ తర్వాత కొనాలనుకుంటే 500 చదరపు మీటర్లకు మించిన స్థలం లేదా 8కి మించి ఫ్లాట్లు ఉన్న ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని గుర్తుంచుకోండి. నంబర్ లేని ప్రాజెక్టులో ప్రీలాంచ్ ఆఫర్ అంటూ డబ్బులు అడిగితే దూరంగా ఉండటమే మంచిది.

చివరిగా ఒక్క పని చేయండి. ఇల్లు ఓకే చేసే ముందు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, ఒక్కొక్కరు పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి దాకా ఆ ఏరియాలో ఎక్కడికి, ఎలా వెళ్తారో అడగండి. ఆఫీసుకు వెళ్లే ఒక్కరికి తప్ప మిగతా ముగ్గురికీ అక్కడ దారి లేదంటే, అద్దె ఎంత తక్కువైనా ఆ ఇల్లు మీది కాదు.